బొమ్మలో ఇరుక్కున్న అక్షరాలు: సోషల్ మీడియా పోస్టులను వికలాంగులకు అందుబాటులో ఉంచే పద్ధతులు

ఒక రక్తదాతల బృందానికి సంబంధించిన ఫేస్‌బుక్ పేజీని, వాట్సాప్ గ్రూపును కొన్నేళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఒకసారి రక్తదాన శిబిరం కోసం మంచి పోస్టరు వేయించి రెండింటిలోనూ పెట్టాను. తేదీ, సమయం, చిరునామా, ఫోన్ నంబరు అన్నీ ఆ బొమ్మలోనే ఉన్నాయి. బొమ్మతో పాటు నేను రాసినది మాత్రం "అందరూ తప్పక రండి" అన్న ఒక్క వాక్యమే. చూపు లేని మిత్రుడొకరు, జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పే ఆయన, ఆ సాయంత్రం ఫోన్ చేసి, "తప్పక వస్తానండీ, కానీ ఎక్కడికి రావాలో, ఎప్పుడు రావాలో మీరు చెప్పలేదు కదా" అన్నారు. నేను అన్నీ చెప్పాననుకున్నాను. ఆయన ఫోన్ మాత్రం ఆ పోస్టరు దగ్గరికి వచ్చేసరికి "ఫొటో" అని చదివి ఊరుకుంది.

అప్పటి నుంచి ప్రతి పోస్టునూ ఆయన చెవితో విని చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. తెలుగులో పోస్టులు పెట్టేవారికి, ముఖ్యంగా సంఘాల, గ్రంథాలయాల, పాఠశాలల, కార్యాలయాల పేజీలను నడిపేవారికి పనికివస్తుందని ఆ అలవాటులో నేర్చుకున్న పద్ధతులను ఇక్కడ రాస్తున్నాను. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా వికలాంగులు ఉన్నారు. వీరిలో చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు సరిగా కదపలేనివారు, చదివినది అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం పట్టేవారు ఉన్నారు కాబట్టి ఒకరికి అడ్డయ్యేది మరొకరికి అడ్డు కాకపోవచ్చు. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా అన్న విషయంలో వారిలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఎవరి గురించి రాస్తున్నామో వారినే అడిగి, వారు కోరిన మాట వాడటం మర్యాద.

చూపు లేనివారు ఫోన్ వాడే తీరు ముందుగా తెలుసుకోవాలి. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనీ, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ అనీ దీనికి పేర్లు. కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గూగుల్ వారి తెలుగు గొంతు గానీ, ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ అనే గొంతు గానీ తెలుగు లిపిని చదవగలవు. చూపు, వినికిడి రెండూ లేనివారిలో కొందరు బ్రెయిల్ డిస్‌ప్లే అనే పరికరాన్ని వాడతారు. తెర మీది అక్షరాలు అందులో పైకి లేచే చుక్కలుగా మారి వేళ్లకు తగులుతాయి. గొంతుగా మారాలన్నా, చుక్కలుగా మారాలన్నా తెర మీద ఉన్నది నిజమైన అక్షరమై ఉండాలి. అక్షరం ఆకారంలో ఉన్న బొమ్మను ఈ పరికరాలు బొమ్మగానే చూస్తాయి.

అక్షరాన్ని అక్షరంగానే ఉంచడం

తెలుగు సోషల్ మీడియాలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇదే అని నా అభిప్రాయం. ఉద్యోగ ప్రకటన, కరెంటు కోత సమాచారం, పరీక్ష వాయిదా, సంతాప సందేశం, పెళ్లి పిలుపు, వర్షం హెచ్చరిక అన్నీ మన దగ్గర పోస్టరుగానో, పేపరు కటింగుగానో, స్క్రీన్‌షాట్‌గానో తిరుగుతుంటాయి. అందుకే మిగతావాటన్నిటికంటే ముందు పాటించవలసిన నియమం ఒకటుంది: బొమ్మలో ఉన్న ప్రతి ముఖ్యమైన మాటనూ పోస్టులోనో, బొమ్మ కింద క్యాప్షన్‌లోనో టైపు చేయాలి. పోస్టరును మానేయనక్కరలేదు, దానితో పాటు మాటలు కూడా వెళ్లాలి. వాట్సాప్‌లో బొమ్మకు విడిగా వర్ణన జతచేసే చోటు లేదు కాబట్టి అక్కడ క్యాప్షనే దిక్కు. డిజైనర్‌కు పంపడానికి మీరు ఎలాగూ ఆ సమాచారాన్ని ఒకసారి రాసే ఉంటారు, దాన్నే కాపీ చేసి పెడితే రెండో శ్రమ ఉండదు.

బొమ్మల్లోని అక్షరాలను చదివే సౌకర్యాలు ఇప్పుడు ఫోన్లలోనే వస్తున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. అవి ఉపయోగకరమైనవే, కానీ అలంకారంగా వంపులు తిప్పిన తెలుగు అక్షరాల దగ్గర, వెనక బొమ్మ ఉన్న చోట అవి తడబడతాయి. పైగా తేదీనో, ఫోన్ నంబరులో ఒక అంకెనో తప్పు చదివితే అది తప్పని వినేవారికి తెలిసే మార్గం లేదు. రక్తం కావలసినవారి నంబరులో ఒక్క అంకె మారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

టైపు చేసిన అక్షరాలన్నీ ఒకటి కావు. తెలుగు డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో పని జరుగుతోంది. ఆ ఫాంట్లు ఉన్న కంప్యూటర్‌లో అక్షరాలు ముచ్చటగా కనిపిస్తాయి గానీ లోపల దాగి ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. ఆ పాఠాన్ని కాపీ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే అందరికీ పిచ్చి గీతలు కనిపిస్తాయి కాబట్టి ఆ తప్పు వెంటనే దొరికిపోతుంది. అదే పాఠాన్ని పీడీఎఫ్‌గా చేసి పంపితే మాత్రం కళ్లకు చక్కగా కనిపిస్తూనే స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని శబ్దాల వరుసగా మిగులుతుంది, పంపినవారికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. పరీక్షించడం సులువు: పీడీఎఫ్‌లోని ఒక వాక్యాన్ని ఎంచుకుని, కాపీ చేసి, వాట్సాప్ పెట్టెలో అతికించండి. తెలుగు తెలుగుగానే వస్తే అది యూనికోడ్ పాఠం, అంటే అన్ని పరికరాలూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలతో రాసినది. గజిబిజిగా వస్తే అది పాత ఫాంటు. అసలు వాక్యాన్ని ఎంచుకోవడానికే కుదరకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. పాత ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అవి వత్తుల దగ్గర, అరసున్నల దగ్గర పొరపడతాయి కాబట్టి మార్చిన తరువాత ఒకసారి పూర్తిగా చదివి దిద్దుకోవాలి. కొత్తగా రాసేటప్పుడు ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతోనో, కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు పద్ధతిలోనో టైపు చేస్తే వచ్చేది నేరుగా యూనికోడే.

అందం కోసం చేసే కొన్ని పనులు కూడా చదివే గొంతును తికమక పెడతాయి. శీర్షిక వెడల్పుగా కనిపించాలని "స్వా గ తం" అని అక్షరాల మధ్య ఖాళీలు పెడితే అది మూడు ముక్కలుగా వినిపిస్తుంది. సాగదీసి పలికినట్టు ఉండాలని దీర్ఘాన్నో, సున్నానో నాలుగైదు సార్లు కొడితే మాట విరిగిపోతుంది. వరుసగా నక్షత్రాలు, గీతలు పెట్టి పోస్టును విభాగాలు చేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు ఒక్కొక్క గుర్తునూ పేరు పెట్టి చదువుతాయి. ఖాళీ గీత వదిలితే ఆ పని అయిపోతుంది. ఇంగ్లిషు పేర్లను వంకర అక్షరాల్లోకి మార్చి ఇచ్చే వెబ్‌సైట్లు వాడేది నిజానికి గణితశాస్త్రం కోసం కేటాయించిన యూనికోడ్ గుర్తులను, అందుకే అలాంటి పేరు కొన్ని పరికరాల్లో గణిత చిహ్నాల జాబితాగా వినిపిస్తుంది, కొన్నిటిలో అసలు వినిపించదు. తెలుగు మాటలను ఇంగ్లిషు లిపిలో రాసే అలవాటు కూడా ఇలాంటిదే. ఆ వాక్యాన్ని ఇంగ్లిషు గొంతు తనకు తోచిన ఉచ్చారణతో చదువుతుంది, వినేవారు దాన్ని మనసులో మళ్లీ తెలుగులోకి తిప్పుకోవాలి. స్నేహితుల మధ్య మాటల్లో ఎలా రాసుకున్నా, నలుగురికీ చేరవలసిన ప్రకటనను తెలుగు లిపిలోనే రాయాలి.

హ్యాష్‌ట్యాగుల విషయంలో ఇంగ్లిషువారికి చెప్పే సలహా మనకు పనికిరాదు. వారు ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్ద అక్షరం చేస్తే స్క్రీన్ రీడర్ మాటలను విడదీసి పలుకుతుంది. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టాలి: #రక్తదానం_ప్రాణదానం అన్నట్టుగా. హ్యాష్‌ట్యాగులను వాక్యం మధ్యలో దూర్చకుండా చివర రెండు మూడు పెడితే చాలు.

ప్రభుత్వ కార్యాలయాల పేజీలను చూసుకునేవారికి ఇవన్నీ వీలును బట్టి చేసే పనులు కావు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ శబ్ద, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారమంతా అందుబాటులో ఉండే రూపంలో ఉండేలా చర్యలు తీసుకునే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో చెప్పింది. సంతకం, ముద్ర ఉన్న కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పేజీలో పెట్టే కార్యాలయం అదే కాగితంలోని పాఠాన్ని కూడా పక్కన పెట్టాలి. ఆ పాఠం కార్యాలయంలోని కంప్యూటర్‌లో ఎలాగూ ఉంటుంది.

బొమ్మకు వర్ణన రాయడం

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, లింక్డ్‌ఇన్ లలో బొమ్మకు కనిపించని వర్ణనను జతచేయవచ్చు. దీనిని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ఎక్స్‌లోనూ, లింక్డ్‌ఇన్‌లోనూ బొమ్మను ఎంచుకున్న తరువాత దాని మీదో, పక్కనో ఆల్ట్ అనే బటన్ కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు చేయడానికి ముందు వచ్చే చివరి తెరలో అదనపు సెట్టింగుల్లో ఉంటుంది. ఫేస్‌బుక్‌లో బొమ్మను ఎడిట్ చేసే చోట ఉంటుంది. మెనూల అమరిక మారుతుంటుంది కాబట్టి ఒకసారి వెతికి పట్టుకుంటే మంచిది. ఎక్స్‌లో 1,000 అక్షరాల వరకు రాయవచ్చు గానీ, మామూలు ఫొటోకు రెండు మూడు వాక్యాలు చాలు. ఫేస్‌బుక్ 2016 నుంచి తనంతట తానే వర్ణనలు తయారు చేస్తోంది. అవి "మనుషులు, చెట్టు, ఆరుబయట" అన్న ధోరణిలో ఉంటాయి. ఆ మనుషులు ఎవరో, ఆ చెట్టు కింద ఎందుకు కూడారో చెప్పగలిగేది ఫొటో పెట్టినవారే.

ఏం రాయాలో తేలకపోతే, ఫొటోను పంపించే వీలు లేక అదే సంగతిని ఫోన్‌లో మీ అక్కకు చెబుతున్నారనుకోండి. సంక్రాంతి ముగ్గుల పోటీ ఫొటో ఒకటి ఉంది. "ముగ్గు ఫొటో" అని రాస్తే అది వర్ణన కాదు, స్క్రీన్ రీడర్ ఫొటో అన్న మాటను ముందే చెబుతుంది కాబట్టి అందులో మిగిలేది ముగ్గు అన్న ఒక్క మాటే. దానికి బదులుగా ఇలా రాయవచ్చు: "పేడతో అలికిన వాకిట్లో, 15 నుంచి 8 వరకు సందు చుక్కలు పెట్టి వేసిన తామరపూల ముగ్గు. మధ్యలో పసుపు, కుంకుమ చల్లిన గొబ్బెమ్మ, దాని మీద గుమ్మడిపువ్వు. పక్కన చేతులకు రంగులు అంటిన ఇద్దరు అమ్మాయిలు కూర్చుని నవ్వుతున్నారు." ముగ్గు వేయడం తెలిసినవారు ఈ మూడు వాక్యాలు విని దానిని మనసులో ఊహించుకోగలరు. చిన్నప్పుడు చూపు ఉండి తరువాత పోయినవారికి ఇందులోని రంగులు ఎంత విలువైనవో మా మిత్రుడి మాటల్లో విన్నాను. చూపు లేనివారికి రంగులు చెప్పి ఏం లాభం అనుకోవడం పొరపాటు.

ఏది ముఖ్యమో పోస్టును బట్టి మారుతుంది. అదే ఫొటోను బహుమతి గెలిచిన అమ్మాయిని అభినందించడానికి పెడితే చుక్కల లెక్క అక్కరలేదు, అమ్మాయి చేతిలోని జ్ఞాపిక గురించి చెప్పాలి. మనుషుల రంగు, బట్టలు, వయసు సందర్భానికి అవసరమైతేనే చెప్పాలి. పోస్టులో పైన రాసిన సంగతినే వర్ణనలో మళ్లీ రాస్తే వినేవారు ఒకే మాట రెండుసార్లు వినవలసి వస్తుంది. వర్ణనలో హ్యాష్‌ట్యాగులు, ఫొటో తీసినవారి పేరు, చిన్న జోకులు దాచిపెట్టే అలవాటు కొందరికి ఉంది. ఆ చోటు వాటికోసం కాదు.

మీమ్‌లను వర్ణించడం కష్టమని చాలామంది వదిలేస్తారు. బ్రహ్మానందం గారి ముఖం లేకుండా తెలుగు మీమ్ లోకం లేదు, ఆ ముఖంలోని కవళికే అక్కడ సగం మాట. అందుకే బొమ్మలోని మాటలతో పాటు ఆ కవళికను కూడా రాయాలి: "పైన: నెల మొదటి తారీఖున జీతం పడినప్పుడు. బ్రహ్మానందం నల్ల కళ్లజోడు పెట్టుకుని, గడ్డం పైకెత్తి దర్జాగా చూస్తున్నారు. కింద: అదే నెల ఐదో తారీఖున. ఆయనే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని దిక్కులు చూస్తున్నారు." ఇది విన్నవారికి కూడా నవ్వు వస్తుంది, నలుగురితో కలిసి నవ్వే అవకాశం వారికీ దక్కుతుంది. పండగ శుభాకాంక్షల బొమ్మలకు మాత్రం అంత వర్ణన అక్కరలేదు. బొమ్మలోని శుభాకాంక్షను టైపు చేస్తే చాలు.

గ్రాఫులు, పట్టికలు, బస్సుల సమయాల స్క్రీన్‌షాట్లు వేరే రకం. వాటిలో ఆకారం కంటే అంకెలు ముఖ్యం. "గత ఐదేళ్ల వర్షపాతం గ్రాఫు" అని ఆపకుండా, ఏ ఏడాది ఎంతో పోస్టులోనే వరుసగా రాయాలి. అంకెలు మరీ ఎక్కువైతే ముఖ్యమైన సంగతిని ఒక వాక్యంలో చెప్పి, పూర్తి పట్టికకు లింకు ఇవ్వాలి. మ్యాపు పెట్టినప్పుడు దారిని మాటల్లో చెప్పాలి: "బస్టాండు ప్రధాన ద్వారం నుంచి ఎడమవైపు 200 మీటర్లు, పెట్రోలు బంకు దాటిన తరువాత రెండో భవనం" అని రాస్తే చూపున్నవారికి కూడా అది మ్యాపు కంటే తొందరగా అర్థమవుతుంది.

వీడియోలు, శబ్దం

వీడియోలో ఇద్దరిని మనసులో ఉంచుకోవాలి: చూడగలిగినా వినలేనివారు, వినగలిగినా చూడలేనివారు. వినలేనివారికి క్యాప్షన్లు, అంటే వీడియోలోని మాటలను తెర మీద అక్షరాలుగా చూపించే వరుసలు, కావాలి. యాప్‌లు వాటంతటవే తయారుచేసే క్యాప్షన్లను మొదటి చిత్తుప్రతిగా మాత్రమే తీసుకోవాలి. తెలుగులో ఇంగ్లిషు మాటలు కలిసి వస్తాయి, ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు వస్తాయి, యంత్రం వాటిని వినబడినట్టు ఏదో ఒకటి రాస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది క్రియ చివర వచ్చే వ్యతిరేకార్థం. "ఈ మందు తీసుకోకూడదు" అన్నది "తీసుకోవాలి" అని పడితే ఆ క్యాప్షన్ లేకపోవడమే మేలు. అందువల్ల దిద్దేటప్పుడు పేర్లు, అంకెలు, కాదు-కూడదు-లేదు అనే మాటలు ఈ మూడింటినీ ముందుగా సరిచూడాలి.

యూట్యూబ్‌లో క్యాప్షన్లను స్టూడియోలోని సబ్‌టైటిళ్ల విభాగంలో తెలుగు భాషను ఎంచుకుని అక్కడే టైపు చేయవచ్చు, లేదా ఎస్‌ఆర్‌టీ ఫైలుగా తయారుచేసి ఎక్కించవచ్చు. ఎస్‌ఆర్‌టీ మామూలు టెక్స్ట్ ఫైలే: వరుస సంఖ్య, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఆ కింద మాటలు. తెలుగులో రాసినప్పుడు దానిని యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ఒకేసారి రెండు వరుసలకు మించి చూపించకూడదు, ఒక మాటను రెండు తెరల మీదికి విరవకూడదు. ఇద్దరు ముగ్గురు మాట్లాడుతుంటే ఎవరి మాటో ముందు పేరు రాయాలి. చప్పట్లు, ఏడుపు, బయట పిడుగు శబ్దం వంటివి కథకు అవసరమైతే వాటినీ బ్రాకెట్లో రాయాలి. రీల్స్‌లో వీడియో మీదే క్యాప్షన్లను ముద్రించేవారు వాటిని తెర అడుగున పెట్టకూడదు. అక్కడ ఖాతా పేరు, బటన్లు వచ్చి వాటిని కప్పేస్తాయి. అలా ముద్రించిన అక్షరాలు కూడా బొమ్మలే కాబట్టి చెప్పిన సంగతులను పోస్టులో కూడా పాఠంగా పెడితే బ్రెయిల్ డిస్‌ప్లే వాడేవారికి చేరుతుంది.

వినికిడి లేనివారందరికీ తెలుగు చదవడం ఒకేలా రాదు. పుట్టుకతో బధిరులైనవారిలో చాలామందికి భారతీయ సంజ్ఞా భాషే మొదటి భాష, తెలుగు తరువాత నేర్చుకున్న భాష. సంజ్ఞా భాషకు దాని వ్యాకరణం దానికి ఉంది, అది తెలుగు వాక్యాన్ని మాటకు మాట చేతులతో చూపించడం కాదు. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల సంజ్ఞలతో నిఘంటువును తయారుచేసింది. ముఖ్యమైన ప్రకటనలకు, ఆరోగ్యానికో ఎన్నికలకో సంబంధించిన వీడియోలకు శిక్షణ పొందిన సంజ్ఞా భాషా అనువాదకులను పెట్టుకోవాలి. వారిని తెర మూలలో తపాలా బిళ్లంత చేసి పెడితే ఉపయోగం లేదు. ముఖకవళికలు, వేళ్లు స్పష్టంగా కనిపించేంత పెద్దగా, సాదా రంగు తెర ముందు, వెలుతురులో ఉంచాలి, లోగోలు వారి చేతుల మీదికి రాకూడదు.

ఇక చూడలేనివారి సంగతి. వంట వీడియోలు ఎన్నో సంగీతంతోనే నడుస్తాయి, కొలతలు తెర మీద అక్షరాలుగా వచ్చి పోతాయి. చూపు లేనివారికి అది పాటలు వినడమే అవుతుంది. మాట్లాడే వీడియోల్లో కూడా "ఇదిగో ఇంత వేసి, ఇలా వచ్చేదాకా వేయించాలి" అంటారు. "చెంచాడు ఆవాలు వేసి, చిటపటలాడి ఆగేదాకా వేయించాలి" అంటే అదే సమయంలో అందరికీ అందుతుంది. తెర మీద చూపించే ప్రతి నంబరునూ, ప్రతి చిరునామానూ నోటితో చెప్పాలి. "కింద కనిపిస్తున్న నంబరుకు ఫోన్ చేయండి" అన్న మాట నిజానికి నంబరును చెప్పకుండా వదిలేయడమే. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది: గ్రూపులో వినలేనివారు ఎవరైనా ఉంటే, దానిలోని సారాన్ని రెండు వాక్యాల్లో టైపు చేయాలి.

సినిమా అభిమానుల ఎడిట్లలో, ఎన్నికల ప్రచార వీడియోల్లో దడదడా మెరిసే తెల్లని, ఎర్రని వెలుగులు ఎక్కువయ్యాయి. కాంతి మెరుపుల వల్ల మూర్ఛ వచ్చేవారికి ఇవి ప్రాణాంతకం కావచ్చు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక కార్టూన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారడం వల్ల వందలాది పిల్లలను ఆసుపత్రులకు తరలించారు. సెకనుకు మూడు సార్లకు మించి ఏదీ మెరవకూడదని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతున్నాయి. అలాంటి ముక్క వీడియోలో ఉంటే తీసేయాలి. తీయడం మీ చేతిలో లేకపోతే వీడియో మొదలయ్యే ముందే హెచ్చరిక పెట్టాలి.

రంగులు, ఎమోజీలు, లింకులు

అక్షరం రంగుకూ, వెనక రంగుకూ మధ్య వెలుతురు తేడాను పైన చెప్పిన వెబ్ సౌలభ్య ప్రమాణాలే అంకెల్లో కొలుస్తాయి: మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1. మన పోస్టర్లలో అలవాటైన రంగులను ఈ లెక్కన చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిండు పసుపు మీద నిండు ఎరుపు సుమారు 3.7 మాత్రమే, ఎరుపు మీద తెలుపు 4 దగ్గర, నీలం మీద ఎరుపు 2కు కొంచెం పైన. అదే పసుపు మీద ఎరుపుకు బదులు ముదురు మెరూన్ వాడితే 10 దాటుతుంది, మంగళకరమైన ఆ రంగుల కలయికా పోదు. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన తలకట్లు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిషుకు వదిలే దానికంటే ఎక్కువ వదలాలి, లేకపోతే చూపు మందగించినవారికి పై వరుస వత్తు, కింది వరుస గుడి కలిసిపోయి కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు ఉంటారు కాబట్టి "ఎర్రగా ఉన్న తేదీలు సెలవులు" అని రంగుతోనే సరిపెట్టకుండా సెలవు అన్న మాట కూడా రాయాలి.

ఎమోజీ ఒక్కొక్కదానికీ పేరు ఉంటుంది, స్క్రీన్ రీడర్ ఆ పేరు చదువుతుంది. పది దండాల బొమ్మలు పెడితే పది సార్లు చదువుతుంది. వాక్యం చివర ఒకటి పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

చందా కోసమో, నమోదు కోసమో క్యూఆర్ కోడ్ పెట్టేవారు దాని లింకును, లేదా యూపీఐ ఐడీని కూడా తప్పక టైపు చేయాలి. ఫోన్‌లోనే పోస్టరును చూస్తున్నవారు అదే ఫోన్‌తో దానిని స్కాన్ చేయడం అందరికీ కుదరని పని, చూపు లేనివారికీ, చేతులు వణికేవారికీ అయితే మరీ కష్టం. లింకుకు ముందు అది ఎక్కడికి తీసుకువెళుతుందో చెప్పాలి: "ఇక్కడ నొక్కండి" అనకుండా "శిబిరానికి పేరు నమోదు చేసుకునే ఫారం" అనాలి. తేదీలను 5-6 అని రాస్తే మే ఆరో, జూన్ ఐదో తెలియదు. నెల పేరు రాయాలి.

భాష విషయంలో ఒక్క మాట. మేధో వైకల్యం ఉన్నవారికి, వారి కుటుంబాలకు ఉద్దేశించిన పోస్టుల్లో ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పాలి, ఏ పని ముందు చేయాలో దానిని ముందు రాయాలి, "దరఖాస్తు సమర్పించవలసి ఉంటుంది" అనే చోట "దరఖాస్తు ఇవ్వండి" అనాలి. వీరికి సంబంధించిన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది కాబట్టి తెలుగువారికి ఈ విషయంలో సలహా అడగడానికి దగ్గరి చోటు లేకపోలేదు.

పోస్టు చేసే ముందు

నేను చేసే పరీక్ష రెండు నిమిషాలది. ఫోన్ సెట్టింగులలో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్‌ను ఆన్ చేస్తాను. అది ఆన్ అయిన తరువాత తాకే తీరు మారిపోతుంది: ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది, వేలితో కుడివైపుకు జరిపితే తరువాతి అంశానికి వెళుతుంది. మొదటిసారి ప్రయత్నించేవారు దానిని ఆపడం తెలియక కంగారు పడతారు కాబట్టి, ముందుగానే రెండు వాల్యూమ్ బటన్లను కలిపి నొక్కి పట్టుకునే షార్ట్‌కట్‌ను పెట్టుకోవాలి. తరువాత పోస్టును ముందు నా ఒక్కడికే కనిపించేలా పెట్టి, కళ్లు మూసుకుని, మొదటి నుంచి చివరి దాకా వింటాను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడు ప్రశ్నలకూ వినడంతోనే జవాబు దొరికితే పోస్టును అందరికీ తెరుస్తాను. వీడియో అయితే ఒకసారి శబ్దం లేకుండా చూస్తాను, మరొకసారి తెరను బోర్లించి వింటాను.

ఇప్పటికే పెట్టిన వందల పోస్టులను దిద్దడం అయ్యే పని కాదు. పేజీలో పైన పిన్ చేసి ఉంచిన పోస్టును, ఎక్కువమంది పంచుకుంటున్న వాటిని, ఇంకా గడువు ఉన్న ప్రకటనలను ముందు సరిచేయాలి. ఫేస్‌బుక్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పాత బొమ్మలకు తరువాత కూడా వర్ణన జతచేయవచ్చు. అలా కుదరని చోట ఆ పోస్టుకు మీరే మొదటి జవాబుగా వర్ణన రాయాలి. వేరేవారి పోస్టరును పంచుకునేటప్పుడు వారు రాయని వివరాలను మీరు మీ మాటల్లో పైన రాయాలి. పేజీ పరిచయంలో "మా పోస్టుల్లో ఏదైనా మీకు అందకపోతే ఈ నంబరుకు సందేశం పంపండి" అన్న వాక్యం ఉంచితే, ఫిర్యాదు చేయాలా వద్దా అని సందేహించేవారు కూడా చెబుతారు. మా పేజీలో ఆ వాక్యం పెట్టిన వారంలోనే వచ్చిన మొదటి సందేశం, నేను జాగ్రత్తగా రాశాననుకున్న ఒక వర్ణనలో రక్తం గ్రూపు పేరే రాయలేదని.